ఎనిమిదో తేదీ నీళ్ళు

ఈ రోజు 1998 ఏప్రిల్ 19, ఆదివారం. నా గుండెకు ఆపరేషన్ జరిగి సరిగ్గా వంద రోజులు.

మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు ఈ వేసవిలో ఇదే ఆపరేషన్‌కు వెళ్ళబోతున్నారు. ఇద్దరూ విడివిడిగా వచ్చి, నొప్పి ఎలా ఉంటుందని అడిగి వెళ్ళారు. నొప్పి గురించి చెప్పవలసింది తక్కువ. మందు ఇస్తారు, తగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. దాన్ని ఎదురుగా కూర్చుని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాగితం మీద అయితే చెప్పగలను.

నేను తెలుగు పిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను. వయసు అరవై ఆరు. ఆపరేషన్ నాటికి బరువు ముప్పై తొమ్మిది కిలోలు. మద్రాసు జార్జి టౌన్‌లో మా ఇల్లు మేడ మీద. కింద మా అబ్బాయి రఘు టోకు కాగితాల కొట్టు. వీధి నుంచి ఇంట్లోకి ఇరవై రెండు మెట్లు. జబ్బు సంగతి నాకు ముందు చెప్పింది ఆ మెట్లే. 1997 జూన్‌లో పద్దెనిమిదో మెట్టు దగ్గర ఆయాసంతో ఆగాను. ఆగస్టులో పదమూడో మెట్టు. దీపావళి నాటికి ఏడోది. ఎవరికీ చెప్పలేదు, తేదీ వేసి రాసుకున్నాను. నవంబరు 21న ఐదో మెట్టు మీద కూర్చుండిపోయాను. తోపుడుబండి నుంచి కాగితం కట్టలు దింపుతున్న మనిషి చూసి రఘును కేకేశాడు. రఘు నన్ను చేతుల మీద ఎత్తుకుని పైకి తెచ్చాడు. మాత్ర కోసం సంచి వెతుకుతుంటే నా నోటు పుస్తకం అతని కంట పడింది.

"ఐదు నెలలుగా రాసిపెట్టుకున్నావు గానీ, మాకు ఒక్క మాట చెప్పలేదేందమ్మా" అన్నాడు.

అప్పుడే నాకు బుద్ధి వచ్చి ఉండవలసింది.

పరీక్షల్లో గుండెకు రక్తం తీసుకుపోయే నాళాలు మూడు మూసుకుపోయాయని తేలింది. ఆపరేషన్‌కు జనవరి 9వ తేదీ ఇచ్చారు. ఈలోగా ఆస్పత్రికి తొమ్మిది సార్లు తిరిగాం. ఆ వరండాలో అందరూ ఒడిలో పెద్ద పెద్ద ఎక్స్‌రే కవర్లు పెట్టుకుని, పేరు పిలుస్తారేమోనని తలుపు వైపే చూస్తూ కూర్చుంటారు. పక్కవాళ్ళను పలకరించే ఓపిక ఉండదు. పేరు పిలిచినా భయమే, పిలవకపోయినా భయమే.

రక్తపరీక్షలో నా కిడ్నీల అంకె ఉండవలసినదానికంటే కొంచెం ఎక్కువగా వచ్చింది. పెద్ద డాక్టరు దాని అర్థం వివరించారు. ఆపరేషన్ జరిగేటప్పుడు గుండెను ఆపి, రక్తాన్ని ఒక యంత్రం తిప్పుతుంది. అప్పుడు ప్రాణవాయువు చాలకపోతే ముందు దెబ్బ తినేవాటిలో కిడ్నీలు ఒకటి. అవి ఆగిపోతే డయాలసిస్ చేయాలి. ఆ గది కింది అంతస్తులోనే ఉంది. ఒకరోజు తలుపు ఓరగా తెరిచి ఉంటే చూశాను. నా వయసు మనిషి కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. రెండు గొట్టాల్లో అతని రక్తం బయటికి పోతోంది, లోపలికి వస్తోంది. అతని కాలి దగ్గర అతని భార్య స్టూలు మీద కూర్చుని నిద్రపోతోంది. వారానికి మూడు రోజులు అలాగే వస్తారని నర్సు చెప్పింది. ఆ రోజు నుంచి నాకు గుండె మీద భయం పోయి కిడ్నీల మీదికి వచ్చింది. గుండె ఆగితే తెలియకుండా పోతాను. కిడ్నీలు ఆగితే తెలిసి బతకాలి.

జనవరి 6న ఆస్పత్రిలో చేరాను. సాయంత్రం మత్తు ఇచ్చే డాక్టరు వచ్చింది. పేరు వసుమతి, ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. వాళ్ళది కోయంబత్తూరు వైపు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు.

"టీచరమ్మా, మిమ్మల్ని ఒకటి అడగాల. వద్దంటే వద్దు, నాకేం కోపం రాదు" అంది.

ఆమె దగ్గర ఒక పెట్టె, దానికి ఒక తీగ, తీగ చివర చర్మానికి అంటించే పట్టీ ఉన్నాయి. పట్టీలో చిన్న వెలుగు. ఆ వెలుగు చర్మం గుండా లోపలికి పోయి, కొంత తిరిగి బయటికి వస్తుంది. తిరిగి వచ్చినదాన్ని బట్టి ఆ చోట రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో పెట్టె మీద అంకె పడుతుంది. సూది లేదు, కోత లేదు. అది నుదుటి మీద పెట్టి మెదడు సంగతి చూడడానికి చేసిన యంత్రం. నడుముకు పైన, వీపు మీద పెట్టి కిడ్నీ సంగతి కూడా చెబుతుందేమో చూడాలని ఆమె ఆశ.

"లావు మనుషుల్లో వెలుగు ఆడిదాకా పోదు. మీకైతే తోలుకూ కిడ్నీకీ నడాన ఏముండాదని?"

"నా మొహం ఉంది" అన్నాను. ఆమె చాలాసేపు నవ్వింది.

ఒప్పుకోలు కాగితం రెండు పేజీలు. మొత్తం చదివాను. ఒకచోట సంవత్సరం ఇంకా 1997 అనే ఉంటే దిద్ది సంతకం చేశాను. ఏడో తేదీ ఉదయం పట్టీ అంటించి మూడుసార్లు చూసింది. డెబ్బై నాలుగు, డెబ్బై మూడు, డెబ్బై నాలుగు. ఒకే ప్రశ్నకు మూడుసార్లూ ఒకే జవాబు చెప్పేదాన్ని నేను నమ్ముతాను. ఆ యంత్రం నాకు నచ్చింది.

కిడ్నీలు ఎండకూడదు కాబట్టి ఆపరేషన్ ముందు రాత్రి పది గంటల దాకా బాగా నీళ్ళు తాగమన్నారు. తాగింది ఎంత, మూత్రం పోసింది ఎంత, మిల్లీలీటర్లలో నన్నే రాయమన్నారు. నా నోటు పుస్తకం చూసి వసుమతి తన కింది డాక్టర్లకు చూపించింది కూడా. ఏడో తేదీ తాగినవి 2,050. ఆ అంకె నిజం.

ఎనిమిదో తేదీ వైకుంఠ ఏకాదశి.

మా అత్తగారు నాకు పెళ్ళయిన ఏడే ఈ వ్రతం పట్టించారు. ఆ రోజు తిండి లేదు, చుక్క నీళ్ళు లేవు. నలభై నాలుగు సార్లు చేశాను, ఒక్క ఏడాది తప్పలేదు. రఘు కడుపులో ఉన్నప్పుడు కూడా తప్పలేదు. ఆపరేషన్ తేదీ ఇచ్చినప్పుడే రఘు పంచాంగం చూసి గొడవకు దిగాడు.

"ఈ ఒక్క తూరికి ఇడిచిపెట్టమ్మా. పెరుమాళ్ళు లెక్క పెట్టుకోని కూర్చోనుండాడా?"

"ఆయన పెట్టుకోకపోతే నేను పెట్టుకుంటాను" అన్నాను.

మూడు రోజులు మాటలు లేవు. చివరికి తిండి మానేస్తాను, నీళ్ళు తాగుతాను అని ఒప్పుకున్నాను. డాక్టర్లు కూడా సరే అన్నారు. మాట ఇచ్చినప్పుడు తాగాలనే ఇచ్చాను. కానీ ఎనిమిదో తేదీ ఉదయం గ్లాసు చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. ఇన్నేళ్ళు నిలిపినదాన్ని రొమ్ము కోసే ముందురోజు తెంచుకుంటే ఇక ఆ బల్ల మీద నుంచి లేవనేమో అనిపించింది. చదువుకున్నదాన్ని, లెక్కలు చెప్పినదాన్ని. అయినా అనిపించింది.

తొమ్మిది గంటలకు నర్సు సెలైన్ పెట్టడానికి వచ్చింది. నా చేతి నరం రెండుసార్లు పొడిచినా దొరకలేదు, చెయ్యి ఉబ్బింది. ఇంత నరకం ఎందుకు, నీళ్ళు నేనే తాగుతాను కదా అన్నాను. వసుమతి వచ్చి చెయ్యి చూసి, నోటు పుస్తకం చూసి, సరే అంది. వేరే ఎవరికైనా ఒప్పుకునేది కాదట.

సీసాలో నీళ్ళను 11.20కి, 3.10కి, 6.30కి కుళాయి తొట్టిలో పోసేశాను. తాగినట్టు కొంచెం కొంచెంగా రాశాను: 200, 150, 180. మొత్తం 1,870. మూత్రం అంకెలూ దానికి తగ్గట్టే వేశాను. అబద్ధం రాసేటప్పుడు కూడా గుండ్రటి అంకె వేయలేదు. గుండ్రటి అంకెను ఎవరైనా అనుమానిస్తారు. పిల్లల నోటు పుస్తకాలు దిద్దినదాన్ని, నాకు తెలుసు. రెండోసారి పోస్తున్నప్పుడు తులసి, మా కోడలు, గదిలోకి వచ్చింది. నీళ్ళు వాసన వస్తున్నాయని చెప్పాను. ఆమె సీసా వైపు చూసి, నా పెదవుల వైపు చూసి, సీసా తీసుకెళ్ళి మళ్ళీ నింపుకొచ్చింది.

తొమ్మిదో తేదీ ఉదయం 7.10కి ఆపరేషన్ గది పక్క గదిలో ఉన్నాను. వసుమతి నన్ను పక్కకు తిప్పి పట్టీ అంటించింది. పెట్టె మీద యాభై ఎనిమిది పడింది. పట్టీ తీసి, చర్మం తుడిచి మళ్ళీ అంటించింది. యాభై ఎనిమిది. రెండో వైపు పెట్టింది. యాభై తొమ్మిది. పట్టీ పాడైందేమోనని పక్కనున్న అబ్బాయి అన్నాడు. తలుపు దగ్గర నుంచి పెద్ద డాక్టరు, ఆ బొమ్మను పక్కన పెట్టి పని చూడమని తమిళంలో అన్నారు.

వసుమతి నా మొహం మీదికి వంగింది.

"టీచరమ్మా, నిన్న నీళ్ళు సరిగ్గా తాగినారు కదా?"

"నోటులో ఉంది కదమ్మా" అన్నాను.

ఆమె నా నోటు పుస్తకం తెరిపించి ఆ అంకె చూసింది. "మీ నోటు మీద నాకు నమ్మకం. ఈ మెషినే మొరాయిస్తా ఉండాది" అంది.

గోడ గడియారంలో 7.25. చెప్పడానికి ఇంకా వేళ ఉంది. చెబితే వెనక్కి పంపేస్తారు, మళ్ళీ ఎప్పుడో తేదీ ఇస్తారు, రఘు బతిమాలి తెచ్చిన స్నేహితులు ఇచ్చిన రక్తం ఏమవుతుందో తెలియదు, అందరి ముందూ నా మాట పోతుంది. వీటిని ఒకదాని తర్వాత ఒకటి లెక్కపెట్టాను. 7.32కి సూది వేశారు. ఏడు నిమిషాలు నోరు మూసుకుని ఉన్నాను.

తర్వాతి గంటల సంగతి తులసి చెప్పగా విన్నది. 2.40 దాకా కబురు రాలేదు. రఘు మెట్ల దగ్గర అటూ ఇటూ నడిచాడు. తులసి ఏమీ తినకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. ఎన్నూరు నుంచి వచ్చిన ఒకామె, భర్త కూడా లోపలే ఉన్నాడు, తన పెరుగన్నం డబ్బా తెరిచి సగం మూతలో పెట్టి తులసి ముందుకు జరిపింది. తినమని బలవంతం చేయలేదు. మూత అక్కడే పెట్టి అటు తిరిగి కూర్చుంది. అప్పుడు తులసి తిన్నది. ఆమె పేరు అడగలేదని తులసికి ఇప్పటికీ బాధ.

పదో తేదీ ఉదయం నాకు పూర్తిగా తెలివి వచ్చింది. నోట్లో గొట్టం, మాట రాదు. నర్సు స్టెల్లా గంటకోసారి వంగి, మంచం కింద వేలాడే సంచిలో మూత్రం కొలిచేది. నేను ఆమె కళ్ళలోకే చూస్తుండేదాన్ని. ఈ ముసలామెకు అంకె కావాలని ఆమెకు తెలిసిపోయింది. కొలవగానే చెవి దగ్గర తమిళంలో చెప్పేది. పన్నెండు. తొమ్మిది. ఏడు. నా బరువుకు గంటకు ఇరవై అయినా రావాలని నాకు ముందే చెప్పి ఉన్నారు.

పదకొండు గంటలకు పెద్ద డాక్టరూ వసుమతీ నా మంచం దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. ఒంట్లో నీరు ఎక్కువైందా తక్కువైందా అని ఇద్దరికీ తేలలేదు. ముందురోజు బాగా తాగింది కదా, తక్కువ కాదు, మూత్రం వచ్చే ఇంజెక్షన్ మోతాదు పెంచుదాం అన్నారు పెద్ద డాక్టరు. సాయంత్రానికి రాకపోతే డయాలసిస్; కొడుకు చేత సంతకం తీసుకోమన్నారు. ఆపరేషన్‌లో కూడా ఆ పెట్టె అంకె ఇంకా పడిపోయిందని, మొదటి నుంచీ తప్పు చూపిస్తోందని గంట తర్వాత ఆపేశానని, దాన్ని వెనక్కి పంపేస్తానని వసుమతి అంది.

తలుపు సందులో చూసిన గది నా కళ్ళ ముందుకు వచ్చింది. మంచం ఇనుపకడ్డీని ఉంగరంతో కొట్టాను. స్టెల్లా అట్టా కాగితమూ తెచ్చి పెన్సిల్ వేళ్ళ మధ్య పెట్టింది. వంకరగా రాశాను. వసుమతి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"అంకెలు తెలస్తా ఉండాయి. ఎనిమిది, సున్నా. మాటలు నాకు రావే" అంది.

తులసిని పిలిపించారు. పచ్చ గౌను వేసుకుని, నోటికి గుడ్డ కట్టుకుని వచ్చింది. కాగితం మీద ఉన్నది ఇది: 8 నీళ్ళు 0. నోటు అబద్ధం.

తులసి చదివి నా వైపు చూసింది. తర్వాత డాక్టర్ల వైపు తిరిగి నిదానంగా చెప్పింది.

"నోటు తప్పు డాక్టర్. ఏకాదశి నాడు మా అత్త చుక్క నీళ్ళు తాగలేదు. సీసా తొట్లో పోస్తా ఉంటే నేను చూసినా."

"చూసి ఎందుకమ్మా చెప్పలేదు?" అంది వసుమతి.

"పంతొమ్మిదేండ్లు అయింది నేను కోడలుగా వచ్చి. మా అత్త రాసింది తప్పని మా ఇంట్లో ఎవురూ ఎప్పుడూ చెప్పలేదు."

వసుమతి నన్ను తిట్టలేదు. నా ఉబ్బిన చేతిని తన చేతిలోకి తీసుకుని, "ఒక్క మాట చెప్పుంటే ఎట్నో ఒగట్ల నరం వెతికి సెలైన్ ఎక్కిచ్చుందును కదా టీచరమ్మా. నోట్లో చుక్క పోకుండానే కిడ్నీ తడిసుండును. మీ ఏకాదశీ నిలిచుండును" అంది.

ఆ మాట నాకు గొట్టం కంటే ఎక్కువ అడ్డుపడింది. నేనే వద్దన్న సెలైన్‌లో అంత సులభమైన దారి ఉందని నాకు తట్టలేదు. తట్టడానికి ముందు అడగాలి కదా. నేను అడగలేదు.

ఇంజెక్షన్ ఆపించారు. మెడ దగ్గర గొట్టం గుండా నీరు కొద్దికొద్దిగా ఎక్కించడం మొదలుపెట్టారు. వసుమతి పెట్టె మళ్ళీ తెచ్చి నా వీపుకు పట్టీ అంటించి, ఈసారి తీయలేదు. నాలుగు గంటలకు రఘును అయిదు నిమిషాలు లోపలికి పంపారు. డయాలసిస్ కాగితం మీద సంతకం చేసి వచ్చాడు. తులసి అప్పటికే చెప్పేసిందని మొహం చూడగానే తెలిసింది. నా పాదాలు దుప్పటి బయట ఉంటే దుప్పటి లాగి కప్పాడు. అయిదు నిమిషాలూ ఆ దుప్పటి అంచు పట్టుకునే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం స్టెల్లా చెప్పిన అంకెలు ఏడు. ఎనిమిది. ఎనిమిది. పదకొండు. డయాలసిస్ తెల్లవారే దాకా ఆపి చూద్దామని వసుమతి పెద్ద డాక్టరును ఒప్పించింది. నేను ఎన్నో పరీక్షల ఫలితాల కోసం పిల్లలను ఎదురుచూసేట్టు చేశాను. అది ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పదకొండో తేదీ ఉదయం గొట్టం తీశారు. గొంతు మండిపోతోంది; అయినా నేను అడిగిన మొదటి మాట "ఎంత?" స్టెల్లా పదహారు అంది. తర్వాతి గంట ఇరవై రెండు. మధ్యాహ్నానికి ముప్పై ఒకటి. అప్పటిదాకా కషాయంలా ఉన్నది పలచబడిందని స్టెల్లా కొలగ్లాసును దీపానికి ఎత్తి పట్టి నాకు చూపించింది. ఆ రంగు చూసి నేను ఏడ్చాను. పెట్టె మీద అంకె అరవై ఆరు. రఘు సంతకం చేసిన కాగితం వాడకుండానే కేస్‌షీట్‌లో ఉండిపోయింది.

వార్డుకు మార్చాక రఘుకు కోపం బయటికి వచ్చింది. నా మీద కాదు, తులసి మీద. తెలిసి దాచావని నలుగురిలో అన్నాడు. ఆమెను అనవద్దని, ఈ ఇంట్లో నా తప్పు చెప్పే వీలు నేను ఎవరికీ ఇవ్వలేదని నేనే చెప్పవలసి వచ్చింది. గొంతు సరిగ్గా రాక రెండుసార్లు చెప్పాను.

అంతా నీళ్ళ వల్లనే జరిగిందా అని వసుమతిని అడిగాను. అలా చెప్పలేనంది. వయసు ఉంది, రక్తం తిప్పే యంత్రం ఉంది, కిడ్నీలు ముందే నీరసం. "కానీ నాకు తెలిసుంటే ముందు మీకు నీళ్ళు ఎక్కిచ్చి, ఆనెక కోతకు ఒప్పుకోనుందును. మెషిను ఆపుండను" అంది. నా కిడ్నీల అంకె ఆపరేషన్‌కు ముందున్న చోటికి తిరిగి రాలేదు; కొంచెం పైనే నిలిచింది. అందులో నా వంతు ఎంతో విడదీసే లెక్క నాకు తెలియదు. ఆమె కాగితాల్లో తొమ్మిదో తేదీ పక్కన యంత్రం తప్పు అని రాసి ఉంది. అది కొట్టేయమని అడిగాను. అప్పటికే కొట్టేసిందట.

మా వీధి ఆడవాళ్ళిద్దరికీ చెప్పేది ఇదే. మీరు ఏ రోజు ఉపవాసం ఉన్నారో, ఏ మందు మానేశారో, ఎవరు ఏ కషాయం ఇచ్చారో డాక్టరుకు చెప్పండి. తిడితే పడండి. చాలాసార్లు వాళ్ళ దగ్గర మనకు తెలియని దారి ఉంటుంది. మీ శరీరం సంగతి ఏ యంత్రమైనా చెప్పవచ్చు. అది నిజం చెప్పినా మీరు అబద్ధం చెబితే వాళ్ళు మనిషినే నమ్ముతారు.

జనవరి 20న ఇంటికి పంపుతూ వసుమతి ఒక షరతు పెట్టింది. రోజుకు లీటరున్నర నీళ్ళు, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఆ లెక్క నేను రాయకూడదు, తులసి రాయాలి. తొంభై రోజులుగా తులసే రాస్తోంది. ఆమె అంకెలు వంకరగా ఉంటాయి, గీతల మధ్య నిలవవు. మొదట్లో గ్లాసు ఇచ్చి వెళ్ళిపోయేది. ఇప్పుడు నేను తాగేదాకా నిలబడి ఉంటుంది.

ఈ రోజు నాలుగు గంటలకు గ్లాసు ఇచ్చి 200 అని రాసింది. తాగి బల్ల మీద పెట్టాను. తులసి గ్లాసు ఎత్తి అడుగు చూసింది. 200 కొట్టేసి, పక్కన 170 వేసింది.

"మిగతాది తాగత్తా" అంది.

తాగాను.